ఒకే కాగితం మీద రెండు ముద్రలు

గొయ్యి తవ్వడం ఎనిమిదిన్నరకల్లా అయిపోయింది. నెజీర్ తన చిన్న పొక్లెయిన్‌ని శ్మశానం గేటు దాకా వెనక్కి నడిపి ఆపాడు. దిగి వచ్చి గొయ్యి అంచులు పారతో తనే చెక్కాడు. యంత్రం తవ్వితే మొరటుగా ఉంటుంది, ఆడమనిషిని పెట్టే చోటు కాస్త నున్నగా ఉండాలి అన్నాడు.

"లోతు సరిపోయిందంటావా?" అని అడిగాడు తిహోమిర్.

"నువ్వు దిగి పడుకో. చాలకపోతే చెప్పు, ఇంకో అడుగు తవ్వుతా."

"నోర్ముయ్యరా వెధవా. మా అక్క వస్తోందిక్కడికి, నీ పరాచికాలేంటి?"

"మీ అక్కే ఉంటే నాకంటే పెద్ద మాట అనేది. నీలా మొహం వేలాడేసుకునే రకమా ఆవిడ?"

అదీ నిజమే. తిహోమిర్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అతనికి డెబ్బై ఒకటి, నెజీర్‌కి అరవై ఎనిమిది. కొసొవోలోని ఈ ఊళ్ళో ఒకరు సెర్బు, ఒకరు అల్బేనియన్. రెండిళ్ళ మధ్యా ఒక్క ఆలూబుఖారా తోట అడ్డం. తొంభై తొమ్మిది వసంతంలో, యుద్ధంలో సెర్బు సైన్యానికి భయపడి నెజీర్ కుటుంబం కొండల్లోకి పారిపోతే, వాళ్ళ ఆవుల్ని తిహోమిర్ తన కొట్టంలో కట్టేసుకుని మేపాడు. అదే ఏడు జూన్‌లో సైన్యం వెనక్కి పోయి, కాలం తిరగబడి సెర్బుల ఇళ్ళు తగలబడుతుంటే, నెజీర్ తిహోమిర్ గుమ్మంలో కుర్చీ వేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోరు. మాట్లాడుకోవడానికి ఏముంది కనక?

ఆ జూన్‌లోనే అక్క రుమెనా ట్రాక్టరెక్కి సెర్బియాలోని క్రాల్యెవోకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందే గానీ ప్రాణమంతా ఇక్కడే. ఆవిడ భర్త ఓబ్రాద్ అంతకు మూడేళ్ళ ముందే పోయి ఈ శ్మశానంలో ఉన్నాడు. ఏటా పోయినవాళ్ళని తలుచుకునే పితృదినానికి బస్సులో, ముందొక పోలీసు బండి వెనకొక పోలీసు బండి కాపలాగా వచ్చి, గంటసేపు భర్త పక్కన కూర్చుని, రాయి తుడిచి, మళ్ళీ బస్సెక్కేది. ఎక్కుతూ ప్రతిసారీ ఒకటే మాట. "ఒరేయ్ తిహో, నన్ను ఆ ఊళ్ళో పాతనివ్వకు. అక్కడ నాకెవరూ తెలీదు. ఇక్కడికి తెచ్చి మీ బావ పక్కన పెట్టు. ఇంకేం అడగను నిన్ను." తిహోమిర్ మాటిచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఏటా ఇచ్చాడు.

బుధవారం పొద్దున ఆవిడ పోయింది. మా సెర్బుల్లో పోయిన మర్నాడే పెట్టేస్తారు. రుమెనాకి ఇది మూడో రోజు, శుక్రవారం, పైగా జులై ఎండ. ఆలస్యమంతా కాగితాల వల్లే.

ఆ కాగితాల సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. కొసొవో ఒకప్పుడు సెర్బియాలో స్వయంపాలన ఉన్న రాష్ట్రం. యుద్ధమైంది, విడిపోయింది, మేం దేశం అని చాటుకుంది. ప్రపంచంలో కొందరు సరేనన్నారు, కొందరు కుదరదన్నారు. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌ని అడిగితే అది ఇప్పటికీ మా రాష్ట్రమే అంటుంది. కొసొవో రాజధాని ప్రిష్టినాని అడిగితే ఎవర్రా రాష్ట్రం అంటుంది. పెద్దవాళ్ళు బల్లకి అటూ ఇటూ కూర్చుని ఏళ్ళ తరబడి సీసాల్లో నీళ్ళు తాగుతున్నారు. మధ్యలో ఉన్నవాళ్ళం ఏం చేస్తాం? అన్నీ రెండేసి పెట్టుకుంటాం. రెండు గుర్తింపు కార్డులు, రెండు ఫోను నంబర్లు, కొందరి కార్లకి రెండు జతల నంబరు ప్లేట్లు, వాటిని మార్చుకోవడానికి సీటు కింద ఒక స్క్రూడ్రైవరు. ఏ పోలీసు ఏది అడిగితే అది తీసి చూపించడం మాకు అన్నం తినడమంత అలవాటు.

తిహోమిర్ కూడా ఆ అలవాటుతోనే బయల్దేరాడు. శవాన్ని బయటి నుంచి తెచ్చి ఇక్కడ పెట్టడానికి అనుమతి కావాలి. బుధవారం మధ్యాహ్నం పట్నంలో కొసొవో వాళ్ళ పురపాలక కార్యాలయానికి వెళ్ళాడు. నెజీర్ తమ్ముడి కోడలు అక్కడే పని చేస్తుంది కాబట్టి సాయంత్రానికల్లా కాగితం చేతిలో పడింది. నీలం రంగు ముద్ర, సంతకం, అంతా ఉంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ బస్సులో కూర్చున్నాక మనసు పీకింది. దారిలో సెర్బియా వాళ్ళ చెక్‌పోస్టు కూడా ఉంటుంది కదా, వాళ్ళు ఈ ముద్ర మాకు చెల్లదంటే? అక్కని అక్కడే ఆపేస్తే?

గురువారం పొద్దున్నే పక్క ఊళ్ళో సెర్బియా ప్రభుత్వం నడిపే సెర్బు కార్యాలయానికి వెళ్ళాడు. కొసొవో చట్టం లెక్కన ఆ కార్యాలయమే లేదు, కానీ రెండు గదులూ, ఒక పొయ్యీ, ఒక గుమాస్తా ఉన్నాయి. గుమాస్తా తిహోమిర్‌తో కలిసి చదువుకున్నవాడి కొడుకు. కొత్త కాగితం రాయాలంటే పైనుంచి అనుమతి రావాలి, వారం పడుతుందన్నాడు. తిహోమిర్ బతిమాలాడు. అదిగో, అప్పుడు వచ్చింది ఆ మహత్తరమైన ఆలోచన. జేబులోంచి నీలం ముద్ర కాగితం తీసి బల్ల మీద పెట్టి, "పోనీ దీని మీదే ఆ ఖాళీ మూల నీ ముద్ర కూడా కొట్టెయ్ బాబూ. ఒకే కాగితం, రెండు ముద్రలు. ఎవరడిగినా ఒకటే చూపిస్తాం" అన్నాడు.

గుమాస్తా కాసేపు నసిగాడు. "ఇట్లా ఎవరూ చేయించుకోలేదు పెదనాన్నా" అన్నాడు.

"చావు ఇంటికి సాయం చేస్తే పుణ్యం రా."

ముసలాయన కళ్ళల్లో నీళ్ళు చూసి వాడు మెత్తబడ్డాడు. ఎర్ర ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, క్రాల్యెవో బస్సు డ్రైవరు చేత మేనల్లుడు మోమిర్‌కి పంపాడు తిహోమిర్. ఇంటికొచ్చి భార్య స్తామెంకాతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. "ఇంత పకడ్బందీగా ఎవడూ చెయ్యలేడే" అన్నాడు.

శుక్రవారం పొద్దున శ్మశానంలో ఉండగా, పది దాటాక ఫోను మోగింది. మోమిర్.

"మామయ్యా, మమ్మల్ని ఆపేశారు."

"ఎవరు? సెర్బియా వాళ్ళా?"

"వాళ్ళు పెట్టె సీలు చూసి పంపేశారు. కొసొవో వాళ్ళు ఆపారు. కాగితం చెల్లదంటున్నారు. రెండో ముద్ర ఎవరు కొట్టించారని అడుగుతున్నారు. ఎవరు కొట్టించారు మామయ్యా?"

తిహోమిర్ గొయ్యి అంచున నిలబడి ఫోను చెవికి పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. నెజీర్ వచ్చి ఫోను లాక్కుని రెండు ముక్కలు విని, "ఎక్కు కారు" అన్నాడు.

కారులో నెజీర్ తిట్టని తిట్టు లేదు. ముందు ప్రభుత్వాల్ని తిట్టాడు, రెండింటినీ, ఎవరికీ తక్కువ చెయ్యకుండా. తర్వాత తిహోమిర్ వైపు తిరిగాడు. "నాకొక్క మాట చెప్పి ఏడవచ్చు కదరా! తమ్ముడి కోడలు చేతుల మీదుగా శుభ్రమైన కాగితం ఇప్పించానే. దాని మీద వాళ్ళ ముద్ర కొట్టిస్తావా? నీ బుర్రలో ఏముంది?"

"రెండూ ఉంటే మంచిదనుకున్నా."

"మంచిదే! మహా మంచిదే!"

నెజీర్ ఆ నలభై నిమిషాల దారీ ఎక్కడా ఆపకుండా నడిపాడు.

చెక్‌పోస్టు దగ్గర లారీల వరుస చాలా దూరం ఉంది. నెజీర్ కారు పక్కకి ఆపాడు, ఇద్దరూ నడిచారు. కొసొవో వాళ్ళ గేటు అవతల రెండొందల అడుగుల రోడ్డు, ఆ చివర సెర్బియా వాళ్ళ గేటు. ఆ రెండు గేట్ల మధ్య, నీడ లేని చోట, బూడిద రంగు వ్యాను ఆగి ఉంది. అక్క అందులోనే ఉందని తిహోమిర్‌కి ఒక్క చూపులో తెలిసింది.

గదిలో ఉన్న అధికారి కుర్రవాడే, ముప్పై కూడా ఉండవు. మర్యాదగా లేచి కుర్చీ చూపించాడు. కాగితం బల్ల మీద ఉంది. నీలం ముద్ర ఒక మూల, ఎర్ర ముద్ర ఇంకో మూల.

"ఇది కొట్టించింది మీరేనా పెద్దాయనా?"

"నేనే బాబూ. నాదే తప్పు. ఆవిడది కాదు, పిల్లాడిదీ కాదు."

"ఈ ఎర్ర ముద్ర మా చట్టంలో నేరం. అది ఉన్న కాగితాన్ని నేను ఒప్పుకోకూడదు, తిరిగి ఇవ్వకూడదు. జప్తు చేసి పైకి పంపాలి."

"ఆ మూల కత్తిరించెయ్ బాబూ. కత్తెర లేదా? నేను చింపుతా, నువ్వు అటు తిరుగు."

కుర్రవాడు నిట్టూర్చాడు. "రాసేశాను పెద్దాయనా. కంప్యూటర్లోకి ఎక్కిపోయింది. ఈ రెండో ముద్ర లేకపోతే పదింటికే పంపించేసేవాణ్ణి. ఈపాటికి మీరు ఆవిణ్ణి పెట్టేసి ఉండేవాళ్ళు."

మంచితనంతోనే అన్నాడు పాపం. కానీ తిహోమిర్‌కి అప్పుడు తెలిసొచ్చింది. అడ్డం పడ్డది సెర్బియా కాదు, కొసొవో కాదు. తను. చేతులారా తను. ఊరికే కూర్చుని ఉన్నా అక్క వచ్చేసేది. ఆలోచించాడు, అదే అతను చేసిన పాపం.

నెజీర్ బయటికి వెళ్ళి తమ్ముడి కోడలికి ఫోను చేశాడు. లోపలికి వినిపించేంత గట్టిగా అరిచాడు. కాసేపటికి చెమటలు కారుతూ లోపలికొచ్చాడు. "పాత కాగితం రద్దయితే గానీ కొత్తది రాయకూడదట. రద్దవ్వాలంటే అసలు కాగితం ఇక్కణ్ణుంచి వెళ్ళాలట. ఇవాళ శుక్రవారం. సోమవారం చూద్దామంటోంది. అది కూడా ఏడుస్తోంది రా, దాని తప్పేం లేదు."

"సోమవారం దాకా అక్కని ఎండలో ఉంచుతారా?" అన్నాడు తిహోమిర్. ఎవరిని అడిగాడో అతనికే తెలీదు.

అధికారి తల దించుకున్నాడు. "వెళ్ళి చూసి రండి పెద్దాయనా. నేను గేటు తీయిస్తాను" అన్నాడు.

తిహోమిర్ ఆ రెండొందల అడుగులూ నడిచాడు. మోమిర్ ఎదురొచ్చాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, చొక్కా అంతా తడిసిపోయి, కళ్ళు వాచిపోయి ఉన్నాడు.

"ఎవరు కొట్టించమన్నారు మామయ్యా నిన్ను?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"మీ అమ్మని ఎవరూ ఆపకూడదని రా."

"ఇద్దరూ ఆపారు. వెనక్కి వెళ్దామంటే సెర్బియా వాళ్ళు కూడా రానివ్వట్లేదు. శవం ఒకసారి బయటికి పోయినట్టు రాసుకున్నారట, మళ్ళీ లోపలికి తేవాలంటే వేరే అనుమతి కావాలట. దానికి ఆ మొదటి కాగితం చూపించమంటారు. కాగితం వీళ్ళు తీసుకున్నారు. తీసుకున్నట్టు వీళ్ళిచ్చిన రసీదు చూపిస్తే, అలాంటి దేశం లేదు, రసీదు ఎట్లా ఉంటుందంటున్నారు."

తిహోమిర్ వ్యాను వెనక్కి వెళ్ళి తలుపు మీద చెయ్యి పెట్టాడు. రేకు చుర్రుమంది. చెయ్యి తియ్యలేదు.

"అక్కా" అన్నాడు. "నేనే అక్కా. తిహోని." ఇంకేదో చెప్పాలనుకున్నాడు. క్షమించమనాలనుకున్నాడు. కానీ ఆవిడ ఆ వేడిలో, ఆ మూసిన పెట్టెలో ఉందన్న ధ్యాస రాగానే చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వ్యాను డ్రైవరు సిగరెట్టు పారేసి అటు తిరిగి నిలబడ్డాడు. చల్లదనం పెట్టే యంత్రం లేదయ్యా నా బండిలో, అన్నాడు మోమిర్‌తో మెల్లగా, ఇంకో రెండు గంటలు దాటితే నేనే ఉండలేను.

సాయంత్రం ఐదు దాటాక సెర్బియా గేటు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. మానవత్వంతో ఒక మార్గం ఆలోచించామన్నాడు. పొద్దున శవం బయటికి వెళ్ళినట్టు రాసింది కొట్టేస్తారట. అసలు వెళ్ళనే లేదని రాసుకుంటారట. అప్పుడు వెనక్కి రావడానికి అనుమతి అక్కర్లేదు. మోమిర్ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, మా అమ్మ ఇవాళ ఎక్కడికీ బయల్దేరలేదు అని.

మోమిర్ మామయ్య వైపు చూశాడు. తిహోమిర్ ఏమంటాడు? సోమవారం దాకా ఆగమనగలడా? తెచ్చేస్తానని ఎవరి మీద ఒట్టేసి చెప్పగలడు?

"పెట్టు బాబూ సంతకం" అన్నాడు. "తీసుకెళ్ళు. అక్కడే మంచి చోటు చూసి పెట్టు."

"అక్కడ పాతొద్దని అడిగింది కదా మామయ్యా అమ్మ."

"నన్ను అడిగింది రా. నిన్ను కాదు. ఆ పాపం నీకంటదు."

మోమిర్ సంతకం పెట్టాడు. వ్యాను అక్కడికక్కడే మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడి తిరిగింది. సెర్బియా గేటు లేచింది. తిహోమిర్ రోడ్డు మధ్యలో నిలబడి చూశాడు. మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు. నెజీర్ ఇవతలి గేటు దగ్గర తలమీది తెల్ల ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తిరుగు దారిలో ఎండ వాలిపోతోంది. సగం దూరం వచ్చాక నెజీర్ అడిగాడు.

"గొయ్యి మాటేంటి తిహో?"

మా వాళ్ళలో తవ్విన గొయ్యి పొద్దుగుంకాక ఖాళీగా ఉండకూడదు. ఉంటే ఆ ఇంటి నుంచి ఇంకొకర్ని పిలుస్తుందంటారు. నెజీర్ ముస్లిమే అయినా అతనికీ తెలుసు, మా చావులన్నిటికీ వచ్చినవాడే.

"పూడ్చేద్దాం" అన్నాడు తిహోమిర్.

శ్మశానంలో స్తామెంకా ఉంది, ఊళ్ళో మిగిలిన సెర్బు ముసలివాళ్ళు ఐదుగురూ ఉన్నారు. పొద్దుట్నుంచీ ఎవరూ ఇంటికి పోలేదు. మఠం నుంచి వచ్చిన ఫాదరు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కారులోంచి ఇద్దరే దిగడం చూసి స్తామెంకా నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుంది.

"ఏమయ్యా, ఏదీ ఆవిడ?"

"వెనక్కి పంపించేశానే."

"నువ్వు పంపించావా?"

"నేనే పంపించా. నేనే ఆపా, నేనే పంపించా. ఇంకేం అడక్కు."

ఫాదరు లేచి వచ్చాడు. మనిషి లేని గొయ్యి మీద ప్రార్థన చదవకూడదు నాయనా, అన్నాడు నెమ్మదిగా. కావాలంటే ఆదివారం గుళ్ళో ఆవిడ పేరు చదువుతాను. తిహోమిర్ తలూపాడు. ఇవాళ ఎవరేం చెప్పినా తలూపడమే అయింది.

నెజీర్ పొక్లెయిన్ వైపు కదలబోయాడు. "రెండు నిమిషాల పని" అన్నాడు.

"యంత్రం వద్దు" అన్నాడు తిహోమిర్. "మా అక్క కోసం తవ్వింది. చేత్తో పూడుద్దాం."

తలో పార తీసుకున్నారు. మొదటి పారెడు తిహోమిర్ వేశాడు. పెట్టె మీద పడాల్సిన మట్టి కింద నేల మీద పడింది, చప్పుడే కాలేదు. నెజీర్ కాస్త కాస్త వేసినప్పుడల్లా లోపలికి దిగి కాళ్ళతో తొక్కాడు. గుల్లగా వదిలేస్తే మొదటి వానకే కుంగిపోతుంది, పక్కన మీ బావ రాయి ఒరుగుతుంది అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు పని చేస్తుంటే మిగిలిన ముసలివాళ్ళు నిలబడి చూశారు. ఎవరూ ఏడవలేదు. ఎవరి కోసం ఏడవాలో తెలియని చావు అది.

పొద్దు కొండ అంచుకి దిగేసరికి గొయ్యి నిండింది. తిహోమిర్ పార పట్టుకుని మట్టి కోసం చుట్టూ చూశాడు. గడ్డిలో చెదిరిన మట్టి కూడా గోకి తెచ్చాడు, రెండు పారలు వచ్చింది, అది కూడా పోశాడు. నెజీర్ దాన్నీ తొక్కేశాడు. మనిషి లోపల ఉంటే మట్టి మిగులుతుంది. ఆ మిగిలిన మట్టితోనే పైన దిబ్బ పోస్తారు. అక్కడ దిబ్బ లేవలేదు. చుట్టూ ఉన్న నేలతో సమంగా అయిపోయింది.

"ఇంకా ఉండాలే మట్టి" అన్నాడు తిహోమిర్.

"అంతే రా."

"చూడు ఇంకొంచెం. దిబ్బ రాలేదు."

"అంతే తిహో. ఇంక లేదు" అన్నాడు నెజీర్, వంగి అతని చేతిలోంచి పార తీసుకుంటూ.